పెరూలో పిట్టల కోసం పది రోజులు: కొండలా, అమెజానా?

పది రోజుల సెలవుంది, పెరూలో పిట్టలు చూడటానికి ఆండీస్ కొండలు మేలా, అమెజాన్ అడవి మేలా అని అడిగారు. రెండూ ఒకే దారిలో దొరుకుతాయండి. ఆండీస్ కొండల్లోని కుస్కో ఊరి నుంచి మనూ జాతీయ ఉద్యానవనం అంచున కిందికి దిగే రోడ్డు పట్టుకోండి. నేను ఆ దారిన రెండుసార్లు వెళ్లాను, ఒకసారి ఐదు రోజుల్లో, ఇంకోసారి తొమ్మిది రోజుల్లో. ఐదు రోజులది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రోజు తల బరువెక్కుతుంది, ఆయాసం వస్తుంది. ఆ రోజు ఎక్కువ తిరగకుండా ఊరికి దగ్గర్లోని వాకర్‌పాయ్ చెరువుకు వెళ్లండి. కుస్కో కంటే కాస్త కిందుగా ఉంటుంది. కొల్లేరులోనో పులికాట్‌లోనో బాతులు చూసిన కళ్లకు నీలిముక్కు పూనా టీల్ బాతులు ఇట్టే దొరుకుతాయి.

మర్నాడు అక్హనాకో కనుమ దాటండి. ఇటు వైపంతా గడ్డి, అటు దిగగానే నాచు పట్టిన చెట్లు. అమెజాన్ నుంచి వచ్చే తేమగాలి ఆ వాలుకు తగిలి పైకి లేచి మబ్బు కడుతుంది, అందుకే ఈ తేడా. అక్కడి నుంచి అటలయా రేవు దాకా సుమారు మూడు వేల మీటర్లు దిగుతాం. ప్రతి ఐదారు వందల మీటర్లకూ చెట్లు మారతాయి, వాటితో పాటే పిట్టలూ మారతాయి. పొద్దున పైన చూడకుండా వదిలేసిన పిట్ట సాయంత్రం కింద దొరుకుతుందనుకోకండి. మొదటిసారి మా ట్రిప్ నడిపినవాళ్లు ఈ వాలంతా ఒక్క రోజులో దింపేశారు. మబ్బుల అడవిని నేను వ్యాను అద్దంలోంచే చూశాను.

రెండోసారి 2,900 మీటర్ల దగ్గరుండే వాయ్‌కేచా పరిశోధన కేంద్రంలో రెండు రాత్రులు ఆగాం. అక్కడ గంటసేపు ఒక్క కూతా వినిపించకపోవచ్చు. ఉన్నట్టుండి పది పదిహేను జాతులు కలిసిన గుంపు చెట్లలోంచి సాగిపోతుంది. దాని వెంట పరుగెత్తకండి. ఒకరు కొమ్మల చివర్లు, ఇంకొకరు మొదళ్లు చూస్తూ నిలబడితే ఎక్కువ కనబడతాయి. హమ్మింగ్‌బర్డ్‌లను అక్కడే తనివితీరా చూశాను. మన పెరట్లోని తేనెపిట్టలను చాలామంది ఆ పేరుతో పిలుస్తారు గానీ అవి వేరే కుటుంబం, హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. కొండల మీది చలి రాత్రుల్లో వీటిలో కొన్ని ఒళ్లు చల్లబరచుకుని మొద్దునిద్రలోకి వెళ్తాయి. పెరూ కొండల్లోనే ఒక జాతి శరీర ఉష్ణోగ్రత దాదాపు 3 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోవడం శాస్త్రవేత్తలు కొలిచారు. తెల్లారి ఎండ తగలగానే మళ్లీ పూల మీద వాలే ఆ పిట్టను చూస్తే గొంతు పూడుకుపోయింది.

ఇంకా దిగితే, సుమారు 1,400 మీటర్ల దగ్గర శాన్ పెద్రో. పెరూ జాతీయ పక్షి టుంకీ అక్కడుంది. మగదానికి ముక్కు కనబడనంత పెద్ద తురాయి, నిప్పులాంటి ఒళ్లు. తెల్లవారకముందే మగవన్నీ ఒకచోట చేరి, ఆడవాటి కోసం గుర్రుగుర్రుమంటూ తలలు ఊపుతాయి. చీకటి ఉండగానే వెళ్లి కూర్చోండి.

అటలయా నుంచి పడవ. మద్రే దే దియోస్ నది ఒడ్డున మట్టిగట్ల దగ్గరకు పొద్దున్నే ముందు చిలుకలు, తర్వాత మకావ్‌లనే పొడుగు తోకల పెద్ద చిలుకలు వచ్చి మన్ను తింటాయి. వాటికి కావాల్సిన సోడియం ఆ మట్టిలో దొరుకుతుంది. నది పాత మలుపుల్లో మిగిలిన చెరువుల దగ్గర హోట్జిన్ కనిపిస్తుంది. ఆకులు తిని, ఆవులాగే పొట్టలో పులియబెట్టుకునే పక్షి. దాని పిల్లల రెక్కలకు గోళ్లుంటాయి.

రోజులు సరిపోకపోతే పడవ ప్రయాణం తగ్గించుకుని అటలయాకు ముందే వచ్చే పిల్కోపాటా ఊరి చుట్టుపక్కలే తిరగండి, అమెజాన్ పిట్టలు అక్కడే మొదలవుతాయి. మబ్బుల అడవిలో రెండు రాత్రులు మాత్రం తగ్గించకండి. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరును అడగండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకుని ఆ కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి. అది లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపొచ్చు.