వార్సా ఘెటో కాగితాల మీది మరకలను ఎందుకు తీసేయరు?

రింగెల్‌బ్లమ్ ఆర్కైవ్ ఫొటోల్లో కాగితాల నిండా మరకలే ఉన్నాయి, ఇంత టెక్నాలజీ ఉండి శుభ్రం చేయలేరా అని అడిగారు కదా. నేను పాత కాగితాల కన్జర్వేషన్ పని చేస్తుంటాను. చేయలేక కాదండీ, చేయకూడదు కాబట్టే వదిలేస్తాం.

ముందు వాటి కథ చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు పోలండ్‌లోని వార్సాలో యూదులను గోడ కట్టి బంధించి ఉంచిన పేటే ఈ ఘెటో. చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లమ్ బృందం ఘెటోలోని బతుకుకు సాక్ష్యంగా డైరీల దగ్గర్నుంచి ట్రామ్ టికెట్లు, చాక్లెట్ కాగితాల దాకా రహస్యంగా పోగుచేసి, 1942 ఆగస్టులో 10 రేకు డబ్బాల్లో, 1943 ఫిబ్రవరిలో రెండు పాల క్యాన్లలో పెట్టి ఒక బడి కింద పాతిపెట్టింది. 1946లో డబ్బాలు బయటపడేసరికి లోపలికి నీళ్లు దిగి కాగితాలు తడిసి బూజు పట్టాయి, సిరా కారిపోయింది. 1950లో దొరికిన క్యాన్లలోవి మాత్రం, అన్నేళ్లు మట్టిలో ఉన్నా, చాలా నయం. నీళ్లు లోపలికి పోలేదు, అంతే తేడా.

ఇలా తడిసిన కాగితం చేతికొస్తే మేం మొదట చూసేది సిరానే. సన్నటి బ్రష్‌తో ఒక అక్షరం చివర నీటి చుక్క పెట్టి, బ్లాటింగ్ పేపర్ ముక్క ఆనిస్తాం, దానికి కాస్త నీలం అంటినా ఆ పేజీని ఇక నీళ్లలో ముంచం. బ్లీచ్ వేస్తే మరక పోతుంది, నిజమే, కానీ దాంతోపాటు కాగితం పీచు బలహీనపడుతుంది, వెలిసిన రాత కూడా పోవచ్చు. పైగా ఆ మరకలు మాకు పనికొస్తాయి: రెండు విడి కాగితాల మీద ఒకే ఆకారంలో నీటి మరక కనిపిస్తే అవి ఒకదాని మీద ఒకటి ఉండేవేమో అని ఆరా తీయొచ్చు. కడిగేస్తే ఆ ఆధారం పోయినట్టే!

చిరుగులకు పల్చటి జపనీస్ కాగితం, గోధుమ గంజి వాడతాం, రేపు ఎవరైనా తడిపి తీసేయాలన్నా వస్తుంది. సెల్లోటేప్ మాత్రం వద్దే వద్దు. 1950లలో మృత సముద్రపు చుట్టల (డెడ్ సీ స్క్రోల్స్, అంటే ఎక్కువగా తోలు మీద రాసి చుట్టిపెట్టిన ప్రాచీన యూదు రాతప్రతులు) ముక్కలను పండితులు టేప్‌తోనే అతికించారు, ఆ జిగురు తోలులోకి ఇంకి నల్లబడింది. 1991లో జెరూసలేంలో ప్రత్యేకంగా ల్యాబ్ పెట్టి మరీ దాన్ని ఓపిగ్గా తీయాల్సి వచ్చింది.

మీకు కావాల్సింది చదవడమే అయితే ఆర్కైవ్ స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, కాంట్రాస్ట్ పెంచుకోండి, మరకలు చెరిపి చూసుకోండి. అసలు కాగితాన్ని మాత్రం ముట్టుకోనక్కర్లేదు.