టెక్ సందేహాలు: సెల్లార్ మోటార్‌కు స్మార్ట్ ప్లగ్ పెట్టొచ్చా?

ఈ వారం ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పక్కకు పోయాయి. వానలు పట్టుకున్నాయి కదా, సెల్లార్‌లో నీళ్లు తోడే మోటార్ల గురించే ఎక్కువమంది అడిగారు.

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్. కాలువలకు నీళ్లు వదిలితే సెల్లార్ గుంతలో ఊట మొదలవుతుంది. ఒక హెచ్‌పీ సబ్‌మర్సిబుల్ మోటార్, ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టం పెరిగితే తేలి మోటార్‌ను ఆన్ చేసేది) ఉన్నాయి. నాలుగైదు నిమిషాలకోసారి మోటార్ ఆన్ అయి ఆగిపోతోంది. వాచ్‌మన్ ఊరెళితే మాకు టెన్షన్. వైఫై స్మార్ట్ ప్లగ్ పెట్టి ఫోన్లోంచి నడుపుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. కానీ ముందు ఆ నాలుగైదు నిమిషాల సంగతి తేల్చండి. మోటార్ ఆగగానే గుంత దగ్గర నిలబడి వినండి. గుడగుడమంటూ పైపులోంచి నీళ్లు వెనక్కి దిగుతున్నాయా? గుంత గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, నిమిషం తర్వాత మట్టం చూడండి. ఊటకు అంత తొందరగా పెరగదు. పెరిగిందంటే మీరు తోడిన నీళ్లనే మళ్లీ తోడుతున్నారు.

లెక్క వేసి చూడండి. రెండు అంగుళాల పైపులో మీటరుకు దాదాపు 2 లీటర్లు నిలుస్తాయి. గుంతలోంచి పైకి, అక్కణ్నుంచి రోడ్డు దాకా 12 మీటర్ల పైపు ఉండి, అదంతా వెనక్కి దిగితే 24 లీటర్లు. గుంత 60 సెంటీమీటర్ల చదరమైతే మట్టం ఒక్కసారిగా 6, 7 సెంటీమీటర్లు లేస్తుంది. ఫ్లోట్ మళ్లీ తేలుతుంది, మోటార్ మళ్లీ ఎత్తుకుంటుంది. ఈ రకం మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. రోజంతా ఇలా ఆగుతూ లేస్తూ ఉంటే ముందు కెపాసిటర్, ఆ తర్వాత వైండింగ్ పోతాయి.

దీనికి యాప్ అక్కర్లేదు, నీళ్లను ఒకవైపే వెళ్లనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ కావాలి. ప్లంబర్లు ఎన్‌ఆర్‌వీ అంటారు. ఇప్పటికే ఉంటే దాని తలుపు దగ్గర ఇసుకో, పాలిథిన్ ముక్కో అడ్డం పడి ఉండొచ్చు. కొత్తది పెట్టిస్తే బాణం గుర్తు నీళ్లు వెళ్లే వైపు ఉండాలి. రెండు పక్కలా యూనియన్ (విప్పి మళ్లీ బిగించే జాయింట్) వేయించండి, లేకపోతే శుభ్రం చేయాల్సిన ప్రతిసారీ పైపు కోయాల్సిందే. ఇంకో సంగతి చాలామంది ప్లంబర్లు పట్టించుకోరు: మోటార్‌కూ ఎన్‌ఆర్‌వీకీ మధ్య పైపుకు, గుంత లోపలే, 4 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి పెట్టించాలి. అది లేకపోతే ఆ ముక్కలో గాలి ఇరుక్కుని, మోటార్ తిరుగుతున్నా నీళ్లు ఎక్కవు. ఆ బెజ్జంలోంచి చిన్న ధార గుంతలోకి కొడుతుంటుంది, లీకని కంగారుపడి మూసేయకండి.

ఇక మీ ప్లగ్. 16 యాంప్స్‌ది, కరెంటు వాడకం చూపించేది తీసుకోండి. ఆన్, ఆఫ్ పని ఫ్లోట్‌కే వదిలేయండి. కరెంటు పోయి వస్తే ప్లగ్ దానంతటదే ఆన్ అయ్యేలా సెట్టింగ్ మార్చుకోండి. కొన్ని ఆఫ్‌లోనే ఉండిపోతాయి. నా దృష్టిలో దాని అసలు ఉపయోగం స్విచ్‌గా కాదు, చిట్టాగా. గంటకు ఎన్నిసార్లు మోటార్ లేచిందో, ఎన్ని వాట్లు లాగిందో కనిపిస్తుంది. మోటార్ బాగున్న రోజు అంకె రాసిపెట్టుకోండి. వాట్లు బాగా తగ్గితే ఖాళీగా తిరుగుతోందనో పైపు మూసుకుందనో అర్థం, బాగా పెరిగితే లోపల ఏదో పట్టేసింది.

అయితే సెల్లార్‌కి వైఫై అందడమే కష్టం. పైగా కరెంటు పోతే రూటర్ కూడా పోతుంది. మీకు కబురు కావాల్సింది సరిగ్గా అప్పుడే. అందుకే మన రైతులు చేలో మోటార్లకు వాడే మొబైల్ స్టార్టర్ రకం నయం. సిమ్ వేసేది, కరెంటు పోయినా మెసేజ్ పంపేలా లోపల బ్యాటరీ ఉన్నది చూడండి. పాత 2జీ పరికరమైతే జియో సిమ్ పనిచేయదు, కొనేముందే అడగండి.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట. గంట గట్టిగా వాన పడితే చాలు, మోటార్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, సెల్లార్‌లో నీళ్లు మాత్రం తగ్గవు. రెండు హెచ్‌పీ మోటార్ కొనాలా?

జవాబు: డబ్బులు ఇప్పుడే తీయకండి. గొడుగు వేసుకుని రోడ్డు మీదకెళ్లి మీ పైపు చివర ఎక్కడుందో చూడండి. సైడు కాలువ లోపలికి దూర్చి ఉంటే, వానకు కాలువ నిండగానే ఆ చివర మునిగిపోతుంది. మోటార్ ఆగిన క్షణాన కాలువలో మురుగు కూడా వెనక్కి వస్తుంది. చివర కాలువ అంచుకన్నా పైన ఉండి, నీళ్లు గాల్లోంచి పడాలి. కొందరు డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కి కలిపేస్తారు, ఆ పని అసలు చేయొద్దు.

పైపు సైజు కూడా చూడండి. మోటార్ దగ్గర రెండంగుళాలు ఉండి, గోడ దాటాక చేతికి దొరికిన ఒక అంగుళం పైపు తగిలించి ఉంటే, నీళ్లు వెళ్లే దారి నాలుగో వంతు అవుతుంది. ఎల్‌బోలు, అంటే పైపు మలుపులు, ఎక్కువైనా నీళ్లు తగ్గుతాయి. మోటార్ ప్లేటు మీద రాసిన గరిష్ఠ హెడ్ (నీళ్లు ఎక్కే ఎత్తు) చూసి మురిసిపోవద్దు, ఆ ఎత్తులో నీళ్లు చుక్క కూడా రావు. మీకు కావాల్సిన ఎత్తు దగ్గర నిమిషానికెన్ని లీటర్లో చూసి కొనాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా ర్యాంప్ మీదుగా రోడ్డు నీళ్లు దిగుతుంటే ఏ మోటారూ ఏమీ చేయలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో వీధే నీళ్లలో ఉంది, తోడి పోయడానికి చోటేది? మామూలు వానలకైతే ర్యాంప్ మొదట్లో జానెడు ఎత్తు గట్టు కట్టించుకుంటే రెండో మోటార్ కన్నా మేలు.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్‌తో ఈ మోటార్ నడుస్తుందా?

జవాబు: ఫ్యాన్లూ లైట్లకు పెట్టుకున్న ఇన్వర్టర్‌తో ఒక హెచ్‌పీ మోటార్ లేవదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి, కరెంటు ఉండని రోజుల కోసం సెల్లార్ మోటార్‌ను అపార్ట్‌మెంట్ జనరేటర్ లైనుకు కలిపించండి. చాలాచోట్ల లిఫ్టుకు కలిపి దీన్ని మర్చిపోతారు.

ప్రశ్న: మోటార్ ఆన్ అయితే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోంది. దాన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తానంటున్నాడు ఎలక్ట్రీషియన్.

జవాబు: ఒప్పుకోకండి. నీళ్లలో దిగే మనిషికి అదే రక్ష. కేబుల్ జాయింట్ నీళ్లలో ఉందేమో ముందు చూడండి, ఉంటే పైకి తీయించండి. అప్పటికీ పడిపోతుంటే మోటార్ సీలు పోయి లోపలికి తడి వెళ్లి ఉంటుంది. మెగ్గర్ అనే మీటర్‌తో ఇన్సులేషన్ చూడమనండి. ఒక మెగోమ్ కన్నా తక్కువ చూపిస్తే మోటార్ రిపేరుకు వెళ్లాల్సిందే. ఈలోగా గుంతలోకి ఎవరు చెయ్యి పెట్టినా మెయిన్ ఆపాకే.