టెక్ సందేహాలు: ముసుగు తీస్తేనే వెలుగు అలారం

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. బడిలో పొద్దున్నే ప్రత్యేక తరగతులు మొదలయ్యాయి. అయిదున్నరకు ఫోనులో అలారం మోగితే నిద్రలోనే నొక్కేసి మళ్లీ పడుకుంటున్నాడు. నేను లేపితే ఇద్దరికీ గొడవ. వెలుతురుతో నిద్రలేపే గడియారాలు ఉంటాయని విన్నాను. అవి నిజంగా పనిచేస్తాయా?
- ఒక తల్లి, హనుమకొండ

పనిచేస్తాయి. కానీ డబ్బు పెట్టే ముందు ఒక రోజు తెల్లవారుజామున బాబు మంచం దగ్గరికి వెళ్లి ఒక్క సంగతి చూడండి. ముఖం మీద దుప్పటి ఉందా? మన దగ్గర సంక్రాంతి చలికి ముసుగు తన్ని పడుకోవడం చాలామందికి అలవాటు. వెలుగు అలారం పనంతా కంటితోనే. దుప్పటి కింద ఉన్న కంటికి ఎంత ఖరీదైన దీపమైనా ఒకటే, గోడకున్న జీరో బల్బైనా ఒకటే. ఈ గడియారం కొని, వారం రోజులకు అటక మీద పడేసిన ఇళ్లు నాకు తెలుసు. వాటిలో ఎక్కువ చోట్ల లోపం గడియారంలో లేదు, దుప్పటిలో ఉంది. తలకు చలి వేస్తే మంకీ క్యాప్ పెట్టండి, ముఖం మాత్రం తెరిచి ఉంచండి.

బాబు లేవలేకపోవడానికి కారణం బద్ధకమని అనుకోకండి. వరంగల్‌లో జూన్ నెలలో 5:40 ప్రాంతంలోనే సూర్యోదయం అవుతుంది. జనవరి మధ్యలో 6:45 దాకా ఆగాలి. ఆదిలాబాద్ వైపు మరికొన్ని నిమిషాలు ఆలస్యం. అన్నిటికన్నా చిన్న పగలు డిసెంబరు 21, 22 తేదీల్లోనే వచ్చిపోయినా, సూర్యుడు ఏడాది మొత్తంలో అన్నిటికన్నా ఆలస్యంగా లేచేది సంక్రాంతి రోజుల్లోనే. అంటే మీరు బాబును లేపుతున్నది సూర్యోదయానికి గంటంబావు ముందు, తూర్పు ఇంకా నల్లగా ఉన్నప్పుడు. కంటి వెనక ఉండే రెటీనా పొరలో చూపు కోసం ఉన్న కణాలే కాకుండా, బయట వెలుతురు ఎంత ఉందో మెదడుకు కబురు పంపే కణాలు వేరే ఉన్నాయి. వాటి నుంచి కబురు అందితే మెదడు నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్‌ను త్వరగా తగ్గించి, ఒంటిని పగటికి సిద్ధం చేస్తుంది. ఈ శరీర గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పైగా పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లల్లో ఈ గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. రాత్రి త్వరగా నిద్ర రాదు, పొద్దున త్వరగా మెలకువ రాదు.

వెలుగు అలారం చేసే పని, రాని సూర్యుణ్ణి గదిలోకి కొంచెం ముందుగా తెచ్చిపెట్టడం. మీరు పెట్టిన సమయానికి ఇరవై, ముప్పై నిమిషాల ముందు మసక ఎరుపుతో మొదలై నారింజకు, అక్కడి నుంచి లేత పసుపుకు వస్తుంది. చివర్లో పక్షుల కూతో, గంటో వినిపిస్తుంది. గాఢ నిద్రలోంచి ఒక్కసారిగా లాగినట్టు కాకుండా, అప్పటికే సగం తేలిన నిద్రలోంచి లేస్తాం కాబట్టి తల దిమ్ము తగ్గుతుంది.

ఇక్కడ దూరం లెక్క చాలా ముఖ్యం. పెట్టె మీద రాసే 200, 300 లక్స్ (ఒక చోట పడే వెలుతురు కొలత) అంకెలు దీపం ముఖానికి అర మీటరు లోపు ఉన్నప్పటివి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. 900 ల్యూమెన్ల (బల్బు మొత్తంగా ఇచ్చే వెలుతురు కొలత) మామూలు ఎల్ఈడీ బల్బు అర మీటరు దూరంలో ముఖం మీద సుమారు 280 లక్స్ వేస్తే, రెండు మీటర్ల అవతల 18 లక్స్ మాత్రమే వేస్తుంది. మూసిన రెప్పను దాటి లోపలికి పోయేది అందులోనూ చాలా కొద్ది. కాబట్టి దీపాన్ని షోకేసులో పెట్టకండి. మంచం పక్కన స్టూలు వేసి, ముఖానికి మూర దూరంలో పెట్టండి.

ఈ మాటలు రాసే ముందు మా ఇంట్లో నాలుగు తెల్లవారుజాములు పరీక్షించి చూశాను. అయిదు గంటలకు దీపం ఆరబోతున్న నిప్పు కణికలా కనిపించింది. పావుగంటకు దోమతెర దారాలు ఒక్కొక్కటిగా తేలాయి. ఆ తర్వాత స్టూలు మీది మంచినీళ్ల గ్లాసు నీడ గోడ మీద పడింది. మూడు రోజులు గంట మోగక ముందే మెలకువ వచ్చింది. నాలుగో రోజు అటువైపు తిరిగి పడుకున్నాను, గంటే లేపింది. అందుకే శబ్దం లేని మోడల్ తీసుకోవద్దంటాను.

ఇంకొక మాట, కొంచెం గట్టిగానే చెబుతాను. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. బాబు పదకొండున్నరకు పడుకుని అయిదున్నరకు లేస్తుంటే ఆరు గంటలే. ఆ లోటు ఏ దీపమూ తీర్చదు. మొదట, రాత్రి చదువు గంట తొందరగా ముగిసేలా చూడండి, ఫోను ముందు గదిలో ఛార్జింగ్ పెట్టించండి, గడియారం సంగతి ఆ తర్వాత చూద్దాం. మార్చి పరీక్షలకు ఆ నిద్రే అతనికి పెద్ద సాయం.

ప్రశ్న: గడియారం బదులు స్మార్ట్ బల్బు కొని, ఉదయం అయిదు నుంచి మెల్లగా వెలిగేలా పెట్టుకున్నాను. మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చింది. బల్బు ఒక్కసారిగా పూర్తి వెలుగుతో వెలిగి ఇంటిల్లిపాదినీ లేపింది. నిన్న అసలు వెలగనే లేదు. బల్బు చెడిపోయిందా?
- నిర్మల్ పాఠకుడు

చెడిపోలేదు. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు తిరిగి రాగానే పూర్తి వెలుగుతో వెలిగేలా ఫ్యాక్టరీలోనే అమర్చి వస్తాయి. ఫోను అందుబాటులో లేనప్పుడు గోడ స్విచ్చుతోనైనా వెలగాలని అలా పెడతారు. పడక గదికి అది సరిపడదు. బల్బు యాప్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, కరెంటు వచ్చాక ఏం చేయాలి అనే అంశం వెతకండి. అందులో ‘అంతకుముందు ఉన్న స్థితి’ లేదా ‘ఆరి ఉండాలి’ ఎంచుకోండి. ఆ అంశమే లేని బల్బును హాల్లోకి మార్చి, పడక గదికి అది ఉన్నదే తెచ్చుకోండి.

నిన్న వెలగకపోవడానికి నాకు తోచే మొదటి కారణం, ఇంట్లో ఎవరో అలవాటుగా గోడ స్విచ్చు ఆపేసి ఉంటారు. స్విచ్చు ఆపితే స్మార్ట్ బల్బు కూడా గాజు బుడ్డితో సమానం. స్విచ్చు మీద చిన్న టేపు ముక్క అంటించి, ఇంట్లో పెద్దవాళ్లకు ఎందుకో చెప్పండి. స్విచ్చు వేసే ఉందంటే వైఫై రౌటర్ వైపు చూడాలి. కొన్ని కంపెనీల బల్బులు సమయాన్ని తమలోనే గుర్తుంచుకుంటాయి, కొన్ని ఇంటర్నెట్ నుంచి ఆదేశం వస్తేనే వెలుగుతాయి. మీది రెండో రకమైతే రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపడం మంచిది. కొత్తగా కొనేవారికి మరో సూచన: మన ఇళ్లలో ఎక్కువగా రెండు పిన్నుల హోల్డర్లే ఉంటాయి, మర బల్బు తెచ్చుకుంటే అడాప్టర్ కావాలి.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. రాత్రి వినికిడి యంత్రం తీసేసి పడుకుంటారు, అలారం వినిపించదు. ధనుర్మాసంలో నాలుగున్నరకే లేచి గుడికి వెళ్లాలంటారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి తాతయ్యకు వెలుగు గడియారం పంపిస్తానంటున్నాడు. పంపమనమంటారా?
- కరీంనగర్ పాఠకురాలు

ఈ గడియారంతో అందరికన్నా ఎక్కువ మేలు జరిగేది మీ నాన్నగారిలాంటి వారికేనని నా అభిప్రాయం. మెలకువ రావడంతో పాటు, చీకట్లో చెప్పుల కోసం తడుముకుంటూ పడిపోయే భయమూ తగ్గుతుంది. అయితే పంపించే ముందు మీ అబ్బాయిని అడాప్టర్ మీద సన్నగా రాసి ఉండే అక్షరాలు చదవమనండి. 100 నుంచి 240 వోల్టుల వరకు అని ఉంటే నిశ్చింత, ప్లగ్గు పిన్నులు మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే పంపవద్దనండి. మన 230 వోల్టులకు పెడితే కాలిపోయే ప్రమాదం ఉంది.

వయసు పెరిగేకొద్దీ కంటి లెన్సు పసుపుబారి లోపలికి పోయే వెలుతురు తగ్గుతుంది. కాబట్టి దీపాన్ని ఎక్కువ వెలుగుకు పెట్టండి, దాంతో పాటు దిండు కింద పెట్టే వైబ్రేటర్ ఉన్న అలారం కూడా తీసుకోండి. వినికిడి తక్కువైన వారి కోసమే అవి తయారవుతాయి. రెటీనా జబ్బు ఉంటే కంటి వైద్యుణ్ణి అడిగాకే దీపం వాడండి. మూర్ఛ ఉంటే మిణుకుమిణుకుమనే అలారం జోలికి అసలు పోవద్దు.

ప్రశ్న: ఫోనులోనే సూర్యోదయంలా వెలిగే యాప్‌లు ఉన్నాయి కదా, అవి చాలవా?
- మంచిర్యాల పాఠకుడు

చాలవు. మంచి ఫోను తెర పూర్తి వెలుగుతో ఉన్నా అర మీటరు దూరంలో వెలుగు గడియారం కన్నా చాలా తక్కువ వెలుతురే ఇస్తుంది.

ప్రశ్న: మా ఆయనకు గనిలో మొదటి షిఫ్టు. చీకటితోనే లేవాలి. ఉన్నది ఒకటే గది, పిల్లలిద్దరూ అక్కడే పడుకుంటారు. వెలుగు అలారం పెడితే వాళ్లూ లేస్తారేమో.
- గోదావరిఖని గృహిణి

లేస్తారమ్మా. మీ ఇంటికి వెలుగు అలారం వద్దు. మణికట్టుకు పెట్టుకునే సాధారణ ఫిట్‌నెస్ బ్యాండ్ తీసుకోండి. అందులో అలారం పెడితే చప్పుడు లేకుండా చేతికి మాత్రమే తెలిసేలా అదురుతుంది, పిల్లల నిద్ర చెడదు. అయితే రాత్రి పడుకునే ముందు ఛార్జింగ్ ఉందో లేదో చూసుకోవాలి. ఆయన లేచాక వంటింట్లో పెద్ద లైటు వేసి, ఆ వెలుతురులో కూర్చుని టీ తాగమనండి. మత్తు వదలడానికి ఆ పది నిమిషాలు ఉపయోగపడతాయి. నైట్ షిఫ్టు వారంలో మాత్రం పద్ధతి తిరగేయాలి. ఆయన పడుకునే వైపు కిటికీకి మందపాటి తెర వేసి, పగటి వెలుగు ముఖం మీద పడకుండా చూడండి.