ఊట ఊరనీ నాన్నా

చిన్నోడా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వన్న మాట నన్ను నిద్రపోనివ్వలా. "ట్రమడాల్ నొప్పి మాత్ర మానేసి పదహారు రోజులయింది పెదనాన్నా, మంచం దిగాలన్నా ఒంట్లో శక్తి లేదు, ఒక్కటేసుకుంటే లేచి క్వారీకి పోతా" అన్నావు. మీ పెద్దమ్మ పక్కనే ఉంది, వివరంగా మాట్లాడలేకపోయా. అందుకే రాస్తా ఉండా.

ముందు ఆ ఒక్క మాత్ర సంగతి. వేసుకోబాక. ఇన్నాళ్ళు మానేసరికి ఒంటికి పాత ఓర్పు పోయుంటుంది. అప్పుడు నువ్వు తట్టుకున్న లెక్కే ఇప్పుడు ఊపిరి ఆపేయొచ్చు. దాని మీద మద్యం కూడా తాగితే మరీ ప్రమాదం. ఇంట్లో అట్టలేమన్నా మిగిలుంటే ఇవాళే మీ అమ్మ చేతికియ్యి. ఇంకోటి, పారాసెటమాల్‌తో కలిపి వచ్చే కొన్ని నొప్పి బిళ్ళల్లో కూడా ట్రమడాల్ ఉంటుంది. అట్ట వెనకాల పేరు చదవకుండా ఏదీ మింగొద్దు.

నా సంగతి నీకు సగమే తెలుసు. 2016లో పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కర్రలెక్కిస్తా పైనించి జారిపడ్డా గదా, నడుముకు పది రోజులు వాడమని రాసిచ్చిన ఇవే ట్రమడాల్ క్యాప్సూళ్ళు రెండేళ్ళు మింగా. నొప్పికే కాదురా, వేసుకుంటే హుషారొచ్చేది, చేలో రెండు మనుషుల పని చేసేవాణ్ణి. ఆ బలం నాదే అనుకున్నా. 2018లో ఆ మందును మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. షాపాయన చీటీ లేందే ఇయ్యనన్నాడు. మరుసటి రోజుకే ఆవలింతలు, ముక్కు కారటం, చెమటలు. మూడో రోజుకు విరేచనాలు, కాళ్ళు లాగేయటం, ఊరికే ఏడుపు. ఏదో పెద్ద రోగం అనుకుని మీ నాన్న నన్ను ఒంగోలు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు చెప్తే తెలిసింది, అది మాత్ర ఆగినందుకని. ఆయన మళ్ళీ మొదలుపెట్టించి, రోజుకు ఆరు నించి తగ్గిస్తా తగ్గిస్తా పది నెలలకు ఆపించాడు. చివరి ఒక్కటి మానటమే అన్నిటికంటే కష్టమయింది.

నీతో పనిచేసే పిల్లోడు కూడా వాడతా ఉండాడన్నావే, వాడికి చెప్పు. ఉన్నట్టుండి ఆపొద్దు, క్యాప్సూల్ విప్పి సగం పొడి వేసుకోవటం లాంటి సొంత వైద్యం చేయొద్దు. రోజుకు ఎన్ని వాడేదీ దాచకుండా డాక్టరుకు చెప్పమను, ఎట్ట తగ్గించాలో ఆయన చెప్తాడు. ఒంగోలు రిమ్స్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పోవటంలో సిగ్గేం లేదు.

ఇక నీ నీరసం. చెమటలు, విరేచనాలు వారం పది రోజుల్లో సర్దుకుంటాయి. నీరసం, నిద్ర పట్టకపోవటం, దేని మీదా మనసు పోకపోవటం మటుకు వారాలుంటాయి, కొందరికి నెలలు. నాకు మూడు నెలలు పట్టింది. నువ్వు సోమరివయిపోలా. ఇన్నాళ్ళు బయటినించి వచ్చిన హుషారు ఆగిపోయింది, ఒళ్ళు తనంతట తాను చేసుకోవటం మళ్ళీ మొదలుపెట్టింది, అంతే.

మన మెట్ట బోరు చూశావుగా. పావుగంట పోసి ఆగిపోతుంది. ఊట ఊరేదాకా ఆపితే మళ్ళీ పోస్తుంది, ఆగకుండా నడిపితే మోటారు కాలిపోతుంది. నేను చేసిన తప్పు అదే. ఒకరోజు కాస్త బాగుందనిపిస్తే పొద్దుగూకేదాకా పొగాకు గ్రేడింగు దగ్గర కూర్చున్నా. ఆ తర్వాత నాలుగు రోజులు మంచం దిగలా. ఆ నాలుగో రోజే మళ్ళీ మాత్ర మీదికి మనసు పోయింది. అందుకే చెప్తా ఉండా, బాగున్న రోజున కూడా సగం పనితోనే ఆపెయ్యి.

పొద్దున్నే క్వారీ లారీల దుమ్ము లేవకముందే బయటికి రా. మొదటి వారం పది నిమిషాలు నడిస్తే చాలు, తర్వాత కాస్త కాస్త పెంచు. ఎండ మొహాన పడాలి, రాత్రి నిద్రకు అది సాయం చేస్తుంది. పగలు అరగంటకు మించి పడుకోబాక. మధ్యాహ్నం దాటాక టీ వద్దు. రాత్రి కాళ్ళు లాగితే వేణ్ణీళ్ళు పోసుకో, నాకు అన్నిటికంటే అదే పనిచేసింది. నిద్రమాత్ర మటుకు డాక్టరు రాయందే ముట్టుకోబాక.

అన్నం సయించకపోతే బలవంతంగా కుక్కుకోవద్దు. రాగి సంగటి కొంచెం, ఉడకేసిన గుడ్డు, పప్పు, ఉప్పేసిన మజ్జిగ, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు. విరేచనాలు ఇంకా ఉంటే ఓఆర్ఎస్ కలుపుకుని తాగు.

నెల దాటినా ఇట్టే ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూపిద్దాం. ఆ మందు ఏళ్ళ తరబడి వాడితే మగవాళ్ళ హార్మోను కూడా తగ్గొచ్చు. డాక్టరునే అడుగుదాం. నీ నడుంనొప్పికి వేరే దారి కూడా అప్పుడే అడగాలి. నొప్పి అట్టే ఉంటే మాత్ర గుర్తొస్తానే ఉంటుంది.

రాత్రిపూట చచ్చిపోవాలనే ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగబాక. అమ్మను లేపు, నాకు ఫోన్ చెయ్యి, 14416కి చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

క్వారీ మేస్త్రీతో నేను మాట్లాడతా, ఇంకో నెల పనికి రాలేవని. ఇంటి ఖర్చు సంగతి నాకొదిలెయ్యి. సోమవారం పొదిలి నించి మొదటి బస్సుకొస్తా. మంచం మీదే ఉండు, లేపేది నేను. ఆ పది నిమిషాలు ఇద్దరం కలిసి నడుద్దాం.

మీ పెదనాన్న