ఆమ్‌హర్స్ట్ కాలేజీలో సీట్లు ఎవరికి వస్తాయి?

మార్కులు బాగుంటే అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కాలేజీలో సీటు ఖాయమా, అక్కడ ఎలాంటి పిల్లలు చదువుతారు అన్నది ప్రశ్న.

ఖాయం కాదు. మన ఎంసెట్‌లా ర్యాంకు చూసి సీటిచ్చే పద్ధతి అక్కడ లేదు. మార్కులతో పాటు వ్యాసాలు, టీచర్ల సిఫార్సు లేఖలు, పిల్లలు పెరిగిన నేపథ్యం అన్నీ కలిపి చూస్తారు. మసాచుసెట్స్‌లో 1821లో పెట్టిన ఈ కాలేజీలో ఉన్నదే సుమారు 1,900 మంది. వాళ్లలో దాదాపు మూడో వంతు కాలేజీ జట్లలో ఆడేవాళ్లు. క్రీడా స్కాలర్‌షిప్‌లు లేకపోయినా కోచ్ మాటకు విలువ ఉంటుంది. ఇది చాలామందికి తట్టని విషయం.

పూర్వ విద్యార్థుల పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యాన్ని 2021లో ఎత్తేశారు. అప్పటిదాకా ప్రతి బ్యాచ్‌లో వాళ్లు 11 శాతం వరకు ఉండేవారు. నా దృష్టిలో ఇది ఎప్పుడో చేయాల్సిన పని.

అసలు కుదుపు 2023లో వచ్చింది. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడాది ఆమ్‌హర్స్ట్ మొదటి సంవత్సరంలో నల్లజాతి విద్యార్థులు 11 నుంచి 3 శాతానికి పడిపోయారు. చిన్న కాలేజీ కాబట్టి కొన్ని పదుల మంది తగ్గినా శాతాలు ఇలా తలకిందులవుతాయి, నిజమే. అయినా ఇది మామూలు తగ్గుదల కాదు.

మనవాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకోటి: విదేశీ విద్యార్థి ఫీజు కట్టగలడా లేదా అన్నది సీటు నిర్ణయంలో చూడరు. సీటొస్తే, కుటుంబం కట్టలేనంత మేర సాయం అప్పు రూపంలో కాకుండానే సర్దుతారు.