నాటని మొక్క పూలమడిలో మొలిస్తే పీకేయాలా?

పూలమడిలో మీరు నాటని మొక్కలు నాలుగైదు మొలిచాయని, వాటిని కలుపుగా భావించి పీకేయాలా, ఉంచాలా అని అడిగారు. మొగ్గ తొడిగే వరకు ఉంచండి అన్నదే నా సమాధానం. గుర్తుపట్టలేని ప్రతి మొలకనూ పీకి పారేస్తూ నేను చాలా ఏళ్లు నష్టపోయాను కనుక ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా పెరట్లో గోడ వారన పసుపు చంద్రకాంత, దానికి ఎదురుగా ముదురు గులాబీ రంగు చంద్రకాంత ఉండేవి. ఒక ఏడాది తొలకరి వానల తరువాత, ఈ రెంటికీ దూరంగా, గులాబీ కుండీకీ ఇటుక వరుసకూ మధ్య ఉన్న వేలెడు సందులో ఒక మొలక లేచింది. మూత్రపిండం ఆకారంలో, వెడల్పుగా, రెండు విత్తనపుటాకులు. దానిని పీకడానికి వంగిన మా అబ్బాయిని ఆపి, పూసే దాకా చూద్దాం అన్నాను. రెండు నెలల తరువాత ఒక సాయంత్రం మొదటి పువ్వు విచ్చుకుంది: పసుపు రేకుల మీద గులాబీ చారలు, చుక్కలు, ఎవరో కుంచె విదిలించినట్లు. మరుసటి సాయంత్రం అదే కొమ్మకు ఒక పువ్వు పూర్తి పసుపుగా, పక్కది సగం సగంగా పూసింది. ఆ రెండు మొక్కల కలయికలో పుట్టిన బిడ్డ అది. మిరియాల వంటి ఆ నల్లటి గింజలను ఇప్పటికీ ఏటా ఏరి దాచుకుంటున్నాను.

వాడిన పూలను వాడినట్లే తుంచివేసి, మట్టి కనబడకుండా కప్పివేసి, మడిని అద్దంలా ఉంచాలనే సలహాలు నాకు బొత్తిగా నచ్చవు. గింజ రాలనివ్వని తోటలో కొత్త రంగు ఎలా పుడుతుంది? బంతి, బిళ్లగన్నేరు, కోడిజుట్టు పువ్వు వంటివి కొన్నింటినైనా మొక్క మీదే ఎండనివ్వాలి. అయితే సంకర విత్తనాలతో పెంచిన మొక్కల పిల్లలు తల్లిని పోలి ఉంటాయని ఆశించవద్దు.

గింజ నిన్న మొన్న రాలినదే అయి ఉండాలని కూడా లేదు. 1879లో విలియం జేమ్స్ బీల్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త 20 సీసాలలో ఇసుకతో కలిపి విత్తనాలను పాతిపెట్టగా, 2021లో తవ్వి తీసిన సీసాలోని గింజలు కొన్ని మొలకెత్తాయి. మీరు ఈ మధ్య మడిని తిరగదవ్వి ఉంటే, అడుగున నిద్రపోతున్న గింజలు వెలుతురు తగిలి లేచి ఉండవచ్చు. పూర్తిగా మాగని వంటింటి ఎరువు వేసి ఉంటే టమాటా మొలకలూ వస్తాయి.

రెండింటి విషయంలో మాత్రం నేను జాలి చూపను. గోడ పగుళ్లలో మొలిచిన రావిని వేరు ఊరక ముందే తీయాలి. వయ్యారిభామ లేత ఆకులు చామంతిని తలపించి మోసం చేస్తాయి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది కనుక, తెల్లటి చిన్న పూలు రాక ముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా లాగివేయండి.

మీ మొలకలకు నాలుగు జతల ఆకులు వచ్చాక కాండాన్ని దగ్గరగా చూడండి. కణుపులు ఉబ్బి, ఆకులు ఎదురెదురుగా ఉంటే అది చంద్రకాంత కావచ్చు. చోటు మార్చదలిస్తే అప్పుడే మార్చండి, ఎందుకంటే తరువాత దాని వేరు దుంపలా ఊరి లోతుకు దిగుతుంది.