అమ్మాయి కార్నియా అంటోంది, నాన్న లేజర్ అంటున్నాడు

ఈసారి ప్రశ్న ఒక తండ్రిది. మెయిల్ చాంతాడంత ఉంది, కుదించి చెప్తా. వాళ్లమ్మాయి మెడికల్ డిగ్రీ అయిపోయి కంటి వైద్యంలో పీజీ ఆఖరి ఏడాదిలో ఉంది. ఇంకో రెండేళ్లు కార్నియా ఫెలోషిప్ చేస్తానంటోంది. ఆయన రాసింది ఇది: "ఇప్పటికే 29 వచ్చాయి. తనతో చదివినవాళ్లు కళ్లజోడు తీసేసే లేజర్ సెంటర్లలో చేరిపోయి సెటిల్ అయ్యారు. కార్నియా అంటే పుళ్లు, దెబ్బలు, అర్ధరాత్రి ఎమర్జెన్సీలు. దాతల కళ్లు దొరకవు, దొరికి వేసినా సగం ఫెయిల్ అవుతాయట. నాకు ఇంకో మూడేళ్లే సర్వీస్ ఉంది. లాసిక్ వైపు వెళ్లమంటే వినట్లేదు. రెండూ పోల్చి రాయండి, మా అమ్మాయికి చూపిస్తాను."

సార్, పోలుస్తాను. కానీ ఆ ఆఖరి ముక్క చదివాక నాకు నవ్వొచ్చింది. మీకు కావాల్సింది పోలిక కాదు కదా, ఇంట్లో వాదనకి మీ తరఫున ఒక సాక్షి. ఇలాంటి మెయిల్స్ నాకు వస్తూనే ఉంటాయి, కోర్సు పేరు మారుతుంది అంతే. అసలు విషయం ఎప్పుడూ మధ్యలో ఎక్కడో ఒక చిన్న వాక్యంలో దాక్కుని ఉంటుంది. మీ మెయిల్లో అది "మూడేళ్లే సర్వీస్ ఉంది" అన్నది. మీ భయం కార్నియా గురించి కాదు, నా జీతం ఆగేలోపు పిల్ల నిలబడుతుందా లేదా అని. దాని దగ్గరికి వస్తాను, ముందు "పుళ్లు, దెబ్బలు" అని అంత తేలిగ్గా రాసేశారే, అది తేల్చుకుందాం.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర కార్నియా. మధ్యలో మందం అరమిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. రక్తనాళం ఒక్కటి కూడా ఉండదు, అందుకే అది పారదర్శకంగా ఉంటుంది. కంటికున్న ఫోకస్ పవర్లో దాదాపు మూడింట రెండొంతులు దీనిదే. అలాంటి చోట చిన్న పుండు పడి మానిందనుకోండి, మానడమే మచ్చగా మానుతుంది, దాన్నే మనవాళ్లు కంట్లో పువ్వు అంటారు. చేతి మీద మచ్చ పడితే ఏముంది, కనుపాప ఎదురుగా పడితే చూపు పోయినట్టే. అందుకే ఆ పుండు బాక్టీరియాదా, ఫంగస్‌దా, హెర్పిస్ వైరస్‌దా అని మొదటి రోజే పట్టుకోవాలి. మీ అమ్మాయి చేసే పని అది. కంట్లో మత్తు చుక్క వేసి, స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద పుండు అంచు నుంచి బ్లేడుతో కొంచెం గీకి, స్లైడ్ మీద పెట్టి చూస్తారు. ఫంగస్ దారాలు కనిపిస్తే ఒక మందు, బాక్టీరియా కనిపిస్తే ఇంకో మందు, మొదటి రోజుల్లో గంటగంటకీ చుక్కలు, రాత్రి కూడా. కన్ను ఎర్రబడిందని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకుని వస్తారు చూడండి, హెర్పిస్ పుండు మీదో ఫంగస్ మీదో అవి పడితే మొదట కాస్త హాయిగా ఉన్నట్టే ఉంటుంది, లోపల పుండు మాత్రం పాకిపోతూ ఉంటుంది. కాంటాక్ట్ లెన్సుల్ని కుళాయి నీళ్లతో కడిగేవాళ్లకి వచ్చే అకాంతమీబా అనే సూక్ష్మజీవి పుండు ఇంకోటి ఉంది, పుండు చూస్తే చిన్నదే, నొప్పి మాత్రం మనిషిని నిలవనివ్వదు, వైద్యం నెలలు నెలలు సాగుతుంది.

దెబ్బలూ అంతే. కంట్లో సున్నమో యాసిడో పడి వచ్చిన మనిషికి ముందు పేరు రాయడం, అక్షరాలు చదివించడం కాదు, కడగడం. యాసిడో క్షారమో చూపించే పీహెచ్ కాగితం మామూలుకి వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి, రెప్ప తిరగేసి ఇరుక్కున్న పలుకులు తియ్యాలి. సున్నం లాంటి క్షారాలు చాలా యాసిడ్ల కంటే లోతుగా దిగిపోతాయి. అదే గుడ్డు చీలిందని అనుమానమొస్తే మాత్రం అస్సలు నొక్కకూడదు, పైన గట్టి కప్పు పెట్టి థియేటర్‌కి పంపాలి. నిమిషాల్లో తేల్చాల్సిన సంగతులివి. మీ అమ్మాయి ఇలాంటి చోట మూడేళ్లు నిలబడి ఇంకా కావాలంటోందంటే, సార్, అది మొండితనం అనుకోకండి. తనకి ఏ పని చేతికి పడుతుందో పిల్లకి తెలిసిపోయింది.

ఇక లాసిక్. ఇక్కడ నా సొంత అనుమానాలు కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఒకసారి నేనే తప్పు సలహా ఇచ్చాను. చాలా ఏళ్ల కింద ఒకబ్బాయి, ఇదే ప్రశ్న, నేను కూడా మీలాగే "లేజర్ వైపు వెళ్లు బాబూ, క్లీన్ పని, పగటి డ్యూటీ" అన్నాను. పీజీ అవగానే ఒక లేజర్ సెంటర్లో చేరాడు. ఏడాదిన్నరకి ఫోన్ చేసి "లేజర్ కొట్టడం నేర్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు, ఎవరికి కొట్టకూడదో చెప్పే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. లాసిక్ అంటే కార్నియా మీద పల్చటి మూతలాంటి పొర లేపి, కింద ఎక్సైమర్ లేజర్‌తో కొంచెం చెక్కి, మళ్లీ మూసెయ్యడం. స్మైల్ అనే ఇంకో లేజర్ పద్ధతిలో మూత లేపరు, లోపలే ఒక చిన్న బిళ్లలా కోసి సన్నటి సందులోంచి బయటికి లాగుతారు. ఏదైనా చెక్కేది ఆ అరమిల్లీమీటరు పొరనే కదా. అప్పటికే లోలోపల బలహీనంగా ఉన్న కార్నియా, అంటే కెరటోకోనస్ మొదలై ఇంకా బయటపడని కన్ను, దాన్ని చెక్కితే కొన్నాళ్లకి ముందుకి ఉబ్బుకొస్తుంది. దాన్ని ఎక్టేసియా అంటారు. పదేపదే కళ్లు నులుముకునే కుర్రాడు, ఏటేటా మారిపోతున్న సిలిండర్ పవర్, కార్నియా మ్యాపులో కింది వైపు కొంచెం తేడా, ఇవన్నీ కలిపి చూసి "నీకు ఆపరేషన్ వద్దు, కళ్లజోడు పెట్టుకో" అని చెప్పడమే ఆ రంగంలో అసలు విద్య. ఆ విద్య, చెక్కిన కళ్లు చెడిపోతే చూసే కార్నియా డిపార్ట్‌మెంటులో నేర్చుకుంటారు కానీ, రోజుకి ఇన్ని కళ్లు అని టార్గెట్ పెట్టిన చోట నేర్పరు. అన్ని సెంటర్లూ అలా ఉండవు, మంచివీ ఉన్నాయి, మంచి వైద్యమే అది, కళ్లజోడుతో నానా అవస్థలు పడేవాళ్లకి వరం. నా గొడవ దాంతో కాదు, పునాది లేకుండా పైఅంతస్తు కట్టడంతో.

ఇంకోటి, ఆ వ్యాపారం కోరిక మీద నడిచేది, అవసరం మీద కాదు. జనం చేతిలో డబ్బు ఆడనప్పుడు కళ్లజోడు తీయించుకోవడం వాయిదా వేస్తారు. కంట్లో ఇనుప రజను గుచ్చుకున్నవాడు వాయిదా వెయ్యలేడు. యంత్రాలు కూడా మీ అమ్మాయివి కావు, పెట్టుబడి పెట్టినవాళ్లవి. మీరు చెప్పిన ఆ సెటిలైన స్నేహితులు ఎంత కాలానికి ఒప్పందం రాశారో, రోజుకి ఎన్ని కేసులు చెయ్యాలో ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. వాళ్ల కారు చూసుంటారు.

అసలు తమాషా ఏంటంటే చాలా చోట్ల కార్నియా ఫెలోషిప్‌లోనే రిఫ్రాక్టివ్ సర్జరీ, అంటే లాసిక్ లాంటి కళ్లజోడు తీసేసే ఆపరేషన్లు, కలిపి నేర్పుతారు. అంటే మీరు చెప్పే లేజర్‌కి వెళ్లాలన్నా మంచి దారి మీ అమ్మాయి అడుగుతున్న గుమ్మంలోంచే. ఇది తనకి తెలుసు, మీకు చెప్పే ఉంటుంది, మీరు విని ఉండరు. తిట్టినట్టు ఉంటే ఏమనుకోకండి, కొంచెం తిట్టాననే అనుకోండి.

మీ భయాల్లో ఒకటి మాత్రం నిజం. దాతల కళ్లు నిజంగానే చాలవు. 2016లో అచ్చయిన ఒక ప్రపంచ సర్వే లెక్క ప్రకారం 70 మందికి కార్నియా కావాలంటే దొరికేది ఒక్కటి. కానీ ఆ లెక్క చదివి డాక్టర్‌కి పనుండదు అనుకోవడం తలకిందులు ఆలోచన, ఆ కొరత వల్లే ఈ రంగంలో బుర్రలన్నీ పనిచేస్తున్నాయి. మొదటి సక్సెస్‌ఫుల్ కార్నియా మార్పిడి 1905లో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఓలోమోట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టర్ చేశాడు, సున్నం పడి రెండు కళ్లూ పోయిన ఒక కూలీకి. రెండు కళ్లకీ వేస్తే ఒకటే నిలబడింది, ఆ ఒక్క కంటితోనే మనిషి మళ్లీ పనిలోకి వెళ్లాడు. తర్వాత చాలాకాలం మొత్తం మందాన్నీ మార్చి చుట్టూ సన్నటి దారంతో కుట్టడమే పద్ధతి. ఇప్పుడు చెడింది లోపలి పొరే అయితే ఆ పొర ఒక్కటే మారుస్తారు. డీమెక్ అనే ఆపరేషన్లో వేసే పొర మిల్లీమీటర్లో వందో వంతు పైచిలుకు, లోపలికి పంపగానే చాపలా చుట్టుకుపోతుంది, దాన్ని తిన్నగా పరిచి గాలి బుడగతో అంటించాలి. ఇంకా ముందుకెళ్లి 2018లో జపాన్‌లోని క్యోటో డాక్టర్లు ల్యాబ్‌లో పెంచిన ఆ లోపలి పొర కణాలని సూదితో కంట్లోకి పంపి 11 మందికి చేసిన ఫలితాలు ప్రచురించారు. ఒక దాత నుంచి చాలామందికి సరిపడా కణాలు పెంచొచ్చు. మీ అమ్మాయి చేతులు బాగా తిరిగే వయసుకి ఈ రంగం ఎక్కడ ఉంటుందో చూసుకోండి.

"సగం ఫెయిల్" అన్నది మాత్రం గాలి మాట. కెరటోకోనస్‌కి మొదటిసారి వేసిన గ్రాఫ్టుల్లో, అంటే దాత కార్నియాల్లో, పదింట తొమ్మిది ఐదేళ్ల తర్వాత కూడా క్లియర్‌గానే ఉంటాయి. రక్తనాళాలు పాకేసిన కన్ను, ఇన్ఫెక్షన్ ఉండగానే వెయ్యాల్సి వచ్చిన కన్ను, సున్నం పడిన కన్ను, వీటిలో ఫలితాలు బాగా పడిపోతాయి, అది దాచను. వేశాక కూడా పేషెంటుని ఏళ్ల తరబడి చూసుకోవాలి. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకేసినా, నొప్పి వచ్చినా ఆ రోజే రమ్మని చెప్పి పంపాలి, రాత్రి ఫోన్ మోగితే ఎత్తాలి. కాబట్టి రాత్రి డ్యూటీల గురించి మీరన్నది నిజమే, ముఖ్యంగా ఫెలోషిప్ రెండేళ్లు నిద్ర తక్కువే. తర్వాత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇప్పుడు ఆ మూడేళ్ల సంగతి. సార్, పీజీ పాసైన రోజునుంచే మీ అమ్మాయి కంటి డాక్టర్. శుక్లాల ఆపరేషన్ చెయ్యగలదు, ఉద్యోగం చెయ్యగలదు. ఫెలోషిప్‌లో కూడా చాలా చోట్ల స్టైపెండ్ ఇస్తారు, కార్లు కొనేంత కాదు, తన తిండి తను తినేంత. తర్వాత కార్నియా స్పెషలిస్టులు కూడా శుక్లాల ఆపరేషన్లు చేస్తూనే ఉంటారు, బతుకుతెరువు చాలామందికి దాంతోనే నడుస్తుంది. ఒకవేళ ఏడాది తర్వాత ఇది నావల్ల కాదనుకున్నా, తిరిగి చూసుకుంటే చేతిలో డిగ్రీ పోలేదు, నేర్చుకున్నది పోలేదు. మీ రిటైర్మెంట్ నాటికి తనకి 32 వస్తాయి, ఫెలోషిప్ కూడా అయిపోయి ఉంటుంది. నిలబడకపోవడానికి నాకు కారణం కనపడట్లేదు. పోలిక సరిగ్గా రాలేదేమో, తెలుసు. మీకు కావాల్సింది ఈ పేరా అనిపించింది.

వాదించే ఓపిక ఇంకా మిగిలుంటే దాన్ని ఫెలోషిప్ ఎక్కడ చెయ్యాలన్న దాని మీద పెట్టండి, అక్కడ మీ అనుభవం పనికొస్తుంది. బోర్డు మీద పేరు పెద్దదైనంత మాత్రాన చాలదు. రెండేళ్లలో గ్రాఫ్టులు తన చేత్తో ఎన్ని చేయిస్తారు, పక్కన నిలబడి చూసేవి ఎన్ని, పుండు గీకిన శాంపిల్ చూడటానికి సొంత మైక్రోబయాలజీ ల్యాబ్ ఉందా, ఐ బ్యాంక్ అక్కడే ఉందా, చంటిపిల్లల కేసులు వస్తాయా, లేజర్ నేర్పిస్తారా లేక కౌన్సెలింగ్ రూమ్‌లో కూర్చోబెడతారా. ఇవి అక్కడి సీనియర్ డాక్టర్ని అడిగితే అన్నీ బాగానే చెప్తారు, ప్రస్తుతం అక్కడ చేస్తున్న ఫెలోని విడిగా అడగమనండి, వీలైతే మానేసి వెళ్లినవాళ్లని కూడా. రెండు మూడు చోట్ల నుంచి జవాబులు వచ్చాక నాకు రాయండి, ఈసారి మెయిల్ మీరు కాదు, తనని రాయమనండి.